మునక గీత

రాత్రి రెండింటికి
కుడికాలి బొటనవేలు నన్ను లేపింది.
దుప్పటి అంచు తగిలితే చాలు
లంగరు గొలుసు జారి పడ్డట్టుంది.
ఫ్యాను గాలి కూడా బరువే.
కట్టేయమంటే నూకరత్నం కట్టేసి
చీకట్లో నా పాదం పక్కన కూర్చుంది,
ముట్టుకోకుండా కాపలా కాయడం
అప్పటికప్పుడు నేర్చుకుని.

ముప్పై ఒక్క ఏళ్లు పోర్టులో
ఓడల మునక చదివాను.
చిన్న పడవలో చుట్టూ తిరిగి
ముక్కు దగ్గర, నడుం దగ్గర, తోక దగ్గర
తెల్ల అంకెల్ని నీళ్లు ఎక్కడ తాకుతున్నాయో
అల లేచి దిగేలోపు చూసి
రాసుకోవడం నా కొలువు.
ఎంత ఖనిజం మింగిందో ఓడ నోటితో చెప్పదు,
దాని పక్కటెముకల మీద నీళ్లు చెప్తాయి.
వేలెడు తేడాకి కెప్టెన్లతో జగడమాడినవాణ్ణి
నా లుంగీ ముడి
ఏటేటా ఎంత కిందికి జారిందో
ఏ పుస్తకంలోనూ రాయలేదు.

మహారాణిపేటలో ల్యాబు. నీలం కవరు.
తొంభై నాలుగు కిలోలు.
రక్తపోటు నూట అరవై ఎనిమిది, కింద నూట రెండు.
కొలెస్ట్రాల్ రెండు వందల యాభై ఒకటి.
యూరిక్ యాసిడ్ తొమ్మిది దాటింది.
డాక్టరు సౌగంధి, మా చిన్నదాని ఈడు,
పెన్ను మూతతో ఒక్కో అంకెనీ తట్టింది.
"వీళ్లు నలుగురూ వేరువేరు మనుషులు కారండీ,
ఒకే వంటింటి అన్నదమ్ములు.
ఒకడికి తలుపు తీస్తే
మిగతావాళ్లు చెప్పులిప్పి లోపలికొచ్చేస్తారు."
ఇన్నాళ్లూ ఏ నొప్పీ లేదు కదమ్మా అన్నాను.
"బీపీకి నోరు లేదు. వేలికుంది.
అందరి తరఫునా అదే అరిచింది."

పాత నీళ్ల మాత్ర మార్చింది.
ఒంట్లో నీరు తోడేస్తూ
ఆ ఆమ్లాన్ని మాత్రం అడుగున వదిలేస్తోందట,
బిల్జి పంపు మడ్డిని వదిలేసినట్టు.
మేక కార్జం వద్దంది.
నెత్తళ్ల వేపుడు వద్దంది.
హార్బరు గోడ మీద
పీటరు మేస్త్రీతో గురువారం బీరు
వద్దనడానికి ముందు
నా ముఖంకేసి చూసి కొంచెం ఆగింది.
ఆ ఆగడం బాగుంది.

లేవబోతుంటే
"అమ్మా, మీరూ ఓసారి" అంది.
"నాకేటమ్మా, తిరుగుతున్నాను కదా"
అంటూనే నూకరత్నం
మందుల సంచీ ఒళ్లోంచి దించకుండా
చెయ్యి చాపింది.
పట్టీ ఉబ్బింది, నిట్టూర్చింది.
డాక్టరు ఇంకోసారి ఉబ్బించింది.
నూట ఎనభై ఆరు.

ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు.
ఆరేళ్లుగా నా కూర ముందు తీసి పక్కన పెట్టి
మిగిలినదాంట్లో ఉప్పేసుకుని
మూడింటికి, పొయ్యి పక్కనే నిలబడి,
ఎండు రొయ్యల పొడితో నాలుగు ముద్దలు.
మెట్లెక్కితే ఆయాసం, వయసంటుంది.
తల బరువు, ఎండంటుంది.
ఊళ్లోకొచ్చిన ప్రతి ఓడ చుట్టూ తిరిగాను గానీ
ఈ పక్కకి
నా పడవ ఒక్కసారీ రాలేదు.

ఆటోలో జగదాంబ దాటేదాకా పోట్లాడింది.
"ఆ మిషను పాడైపోయుంటాది."
"నాదీ దాంతోనే చూసింది."
"అయితే నీదీ తప్పే. కార్జం తెచ్చుకుందారి పద."
డ్రైవరు అద్దంలోంచి నవ్వాడు.
నేను నవ్వలేదు.
ఆమె కూడా కాసేపటికి
కొంగు చివర ముడేస్తూ, విప్పుతూ.

వారం గడిచింది. వాపు తీసింది.
ఇప్పుడు ఒకే కూర, ఒకే ఉప్పు, అదీ చిటికెడే.
చప్పిడి మీద ఇద్దరం కలిసే తిట్టుకుంటాం.
సాయంత్రాలు పార్కు హోటలు దాకా నడుస్తాం,
ఆమె ముందు, కుంటుతూ నేను.
బయట, లంగరేసిన ఓడలు
బెర్తు కోసం చూస్తుంటాయి.
ఇంత దూరం నుంచి అంకెలు కనపడవు.

పాత మునక పుస్తకంలో ఖాళీ పేజీ తీసి
రెండు గళ్లు గీశాను.
తేదీ. ఆమెది. నాది.
ఏ కొలతకైనా ఇద్దరు సంతకం పెట్టాలి,
కొలిచినవాడూ, ఓడ తరఫు మనిషీ.
పెన్నిచ్చాను.
"నూక" అని రాసి
పాలు పొంగుతున్నాయని లేచి వెళ్లింది.